దగ్గరి గొంతు

మార్చి 3

ఇంటికొచ్చాను. మాట్లాడకూడదు. చెప్పుకోవడానికి ఇంకో దారి లేదు కాబట్టి ఈ పుస్తకానికే చెబుతున్నాను.

గొంతులో తీగల మీద చిన్న కాయలు కాచాయట. పని చేసి చేసి చేతులకు కాచినట్టే అరిచి అరిచి గొంతుకూ కాస్తాయన్నాడు డాక్టరు. తీసేశాడు. పుండు మానేదాకా నోరు మెదపొద్దన్నాడు. గుసగుసల గురించి కూడా ఏదో అన్నాడుగానీ అప్పటికి మత్తు పూర్తిగా దిగలేదు, సరిగ్గా వినలేదు.

మందుల సంచీ మోసుకొస్తూ మా ఆయన, "నీ నోరు మూయించడానికి చివరికి మత్తిచ్చి కత్తి పెట్టాల్సొచ్చింది" అన్నాడు. స్టీరింగ్ ముందు కూర్చుంటే రోజంతా పెదవి విప్పని బస్సు డ్రైవరు, నేను తిరిగి అనలేనని తెలిసేసరికి జోకులు మొదలుపెట్టాడు. ఒక్కోటీ రాసి పెట్టుకుంటాను. గొంతు రానీ.

మార్చి 5

బస్టాండులో నేను అనౌన్స్‌మెంట్లు చెప్పే కుర్చీ ముందు మెషీన్ పెట్టారట. ఎవరో అమ్మాయి ఎక్కడో గదిలో కూర్చుని ఊళ్ల పేర్లు, అంకెలు విడివిడిగా చదివితే మెషీన్ వాటిని అతికించి పలుకుతుందట. "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని నేను ఎలా అనేదాన్ని! విజ్ఞప్తి దగ్గర కాస్త ఆగేదాన్ని, టీ తాగుతున్నవాళ్లు గ్లాసు దించేలా.

వచ్చే నెలాఖరు దాకా చూస్తానని డిపో మేనేజరు మా ఆయనతో చెప్పాడట. గొంతు వస్తే నేను, రాకపోతే అదే ఉంటుంది.

"ఎలా ఉంది దాని గొంతు?" అని పలక మీద రాసి చూపించాను.

"బాగానే ఉంది. దగ్గదు" అన్నాడు.

ఇదీ రాసి పెట్టుకున్నాను.

మార్చి 6

నేను మాట్లాడలేను. అత్తయ్యకు వినపడదు. పలక మీద రాద్దామంటే ఆవిడకు చదువు రాదు. పగలంతా ఇంట్లో మేమిద్దరమే. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, అక్కర్లేదని చెప్పలేక పొద్దుట్నించి మూడుసార్లు కాఫీ తాగాను.

ఆవిడ చెవుడు కూడా ఓ వింత. ఒక్కోసారి పక్కన కూర్చుని మెల్లగా అన్నదానికి ఠక్కున జవాబు చెబుతుంది. ఒక్కోసారి పొయ్యి దగ్గర్నించి ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచినా ఉలుకూ పలుకూ ఉండదు. అక్కర్లేనివే వినిపించవని నా అనుమానం. మధ్యాహ్నం మంచం మీద పడుకుని చిన్న రేడియో చెవికి నొక్కి పెట్టుకుంటుంది. దాని నాబు ఎప్పుడో విరిగింది. ముల్లు పాతపాటల స్టేషన్ దగ్గర ఆగిపోయి అక్కడే ఉండిపోయింది. ఆవిడకు అది చాలు.

మార్చి 9

అటక మీంచి డిప్లొమా రోజుల పెట్టె దించాను. సోల్డరింగ్ ఐరన్ ఇంకా వేడెక్కుతోంది. ఎలక్ట్రానిక్స్ చదివి మైకు ముందు కూర్చున్నదాన్ని. మైకు వెనకాల ఏముంటుందో మర్చిపోయి చాలా ఏళ్లయింది.

చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ చేస్తాను. ఒక ట్రాన్సిస్టర్, ఒక కాయిల్, స్టేషన్ సరిచేసే ట్రిమ్మర్ అనే చిన్న మర, ఓ శనగగింజంత మైకు, బ్యాటరీ. గోడ దాటితే గొప్ప. వీధిలోకి ఎలాగూ పోదు.

పార్టుల కొట్టుకెళ్లి కావలసినవి పలక మీద రాసి చూపించాను. కొట్టాయన పలక చూసి, నన్ను చూసి, "ట్రిమ్మర్! ఏ సైజు!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు. నాకు వినిపిస్తుందండీ అని రాశాను. "సరే!" అని ఇంకా గట్టిగా అరిచాడు. అత్తయ్యతో నేను రోజూ ఇలాగే మాట్లాడతాను కాబోలు. నాకు నవ్వొచ్చింది. నవ్వకూడదు కూడా.

మార్చి 12

పని చేయలేదు.

మార్చి 13

మోగింది! తప్పు నాదే. కాయిల్ చుట్టే రాగితీగ మీద సన్నటి పూత ఉంటుంది. కొసలు గీకకుండా అతికితే పైకి అతికినట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం పోదు. ఫస్టియర్ ల్యాబులో ఇదే తప్పుకు మా మేడమ్ నన్ను బయట నిలబెట్టింది. బ్లేడుతో గీకి మళ్లీ అతికాను.

మా ఆయన పాకెట్ రేడియోని ఏ స్టేషనూ లేని చోట పెట్టి, ప్లాస్టిక్ పుల్లతో ట్రిమ్మర్ కొంచెం కొంచెం తిప్పుతూ పోయాను. రేడియోలో సుయ్‌మనే హోరు టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దం నాది, నా సర్క్యూట్‌ది. మైకును గోరుతో తడితే ఎవరో తలుపు తట్టినట్టు వినిపించింది. గడియారం దగ్గర పెడితే టిక్కుటిక్కుమంది.

గడియారంతో ఎంతసేపని పరీక్ష చేస్తాం? "హలో" అన్నాను. అన్నానంటే అనలేదు, గుసగుసగా. గుసగుస మాట కాదు. గొంతు మీద వేలు పెట్టి మరీ చూశాను, వణకనే లేదు.

మార్చి 15

దీనికో తిక్క ఉంది. బల్ల మీద పెడితే రేడియోలో చక్కగా వస్తుంది. గుసగుస అందట్లేదని చేతిలోకి తీసుకుని పెదాల దగ్గర పెట్టుకుంటే రేడియోలో మళ్లీ హోరు. కాయిల్ దగ్గరకు చెయ్యి వస్తే స్టేషన్ పక్కకు జరుగుతుంది. తెలిసిన సంగతే. రేకు డబ్బాలో బిగిస్తే సరిపోతుంది. రేపు బిగిస్తాను.

మార్చి 16

రేకు డబ్బా దొరకలేదు.

మార్చి 17

డబ్బా వెతకలేదు. నిజం చెప్పాలంటే అక్కర్లేదనిపించింది. చేతిలో పట్టుకున్నంతసేపూ రేడియోలో రాదు కదా. ఎవరికీ వినిపించని మాట మాట్లాడినట్టు లెక్క కాదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరికే అనలేదు మా అమ్మ. మధ్యాహ్నం అత్తయ్య పడుకున్నాక తలుపు వేసుకుని ఆ చిన్న మైకుకు అన్నీ చెప్పేశాను. మేనేజరు జుట్టుకు వేసే రంగు గురించి, మా ఆయన జోకుల గురించి, చెవుడు నటించే అత్తగారి గురించి, విరిగిన నాబున్న ఆవిడ రేడియో గురించి. కడుపుబ్బరం తగ్గినట్టయింది. కొంచెం మంట. ఆపరేషన్ చేసిన గొంతు, మండకేం చేస్తుంది.

మార్చి 18

ఇవాళ కూడా పరీక్ష చేశాను.

మార్చి 19

పరీక్ష. ఇవాళ ఎవరినీ తిట్టలేదు. ఏం చెప్పానో ఇక్కడ రాయను. చెప్పాక మొహం కడుక్కుని కూరగాయలు తరిగాను.

మార్చి 20

డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చాలాసేపు చూశాడు. వాపు తగ్గాల్సింది, పెరిగిందన్నాడు.

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

ఎవరితోనూ కాదని తల అడ్డంగా ఊపాను. అది అబద్ధం కాదు.

"గుసగుసగా కూడా వద్దని ఆవాళే చెప్పాను. మామూలుగా మాట్లాడ్డం కంటే అదే ఎక్కువ దెబ్బ కొడుతుంది. ఇలాగే ఉంటే ఈ గొంతు ఇక పైకి రాదమ్మా."

ఇంటికొచ్చాక మా ఆయన చెప్పులైనా విప్పకుండా వాళ్లమ్మ ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, నేను డ్యూటీకెళ్లాక ఇది మాట్లాడుతోందా?"

అత్తయ్య కొడుకు మొహంలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి. "లేదురా. ఒక్క మాట కూడా నేను వినలేదు" అంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు వెళ్లి వెళ్లి ఈవిడను అడిగాడు. ఆ చెవుడు ఇవాళ నన్ను కాపాడింది.

రేపటి నుంచి మానేస్తాను.

మార్చి 21

మానేయలేదు. రెండు నిమిషాలే అనుకుని తలుపు వేసుకున్నాను. మైకు పెదాల దగ్గర పెట్టుకున్నానో లేదో తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది. చేతిలో రేడియో. దాన్ని నా బల్ల మీద సోల్డరు తీగల మధ్య పెట్టింది.

"అమ్మాయ్, దీనికేమైందో చూడవే. పాట మధ్యలో పోయి నీ గొంతొస్తోంది."

చేతిలో సర్క్యూట్ అలాగే ఉంది. నా ఊపిరి ఆ రేడియోలోంచి బుస్సుమని వస్తోంది.

చెయ్యి తగిలితే స్టేషన్ జరుగుతుందని తెలుసు. నా రేడియోలోంచి పోయిందంటే ఇంకెక్కడికో వెళ్లి ఉంటుందని మాత్రం తట్టలేదు. ఫస్టియర్ పిల్లకు కూడా తట్టేది. సరిగ్గా పాతపాటల మీదకు వెళ్లి కూర్చుంది.

"మొదట్లో ఏదో నాటకం అనుకున్నా. అత్తగారు చెవుడు నటిస్తోందని వస్తే, ఏ నాటకంలోనైనా అత్తగారు ఉండేదేలే అనుకున్నా. రేడియో నాబు విరిగిందనేసరికి అది నేనేనని తెలిసింది."

దొంగకు తేలు కుట్టినట్టయింది. క్షమించమనడానికైనా నోరు తెరవాలిగా.

"దానికేం లేదులే. నేనూ మనసులో నిన్ను తక్కువ తిట్టలేదు, నాకు మైకు లేదంతే." మంచం అంచున కూర్చుంది. "మొన్న ఏడ్చావు చూడు. బస్టాండులో ఎవరికీ నా మొహం తెలీదు, గొంతు పోతే నేనెవరికీ ఏమీ కాను అని. అది విన్నాక పాట రాకపోయినా ఫరవాలేదనిపించింది. కానీ గరగర రోజురోజుకీ ఎక్కువవుతోందే. చెవిటిదాన్ని, నాకే తెలుస్తోంది."

నేను ఏడుస్తున్నాను. ఏడుపులో కూడా శబ్దం రానివ్వకూడదని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"నిన్న వాడికి అబద్ధం చెప్పా. వాడు పుట్టాక వాడికి చెప్పిన మొదటి అబద్ధం. ఇంకోసారి నాచేత చెప్పించకు."

సర్క్యూట్ నుంచి బ్యాటరీ ఊడదీసుకుని, రేడియో చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మార్చి 22

ఎఫ్‌ఎంలో ఒకే చోట రెండు స్టేషన్లు తగులుకుంటే రెండూ కలిసి వినిపించవు. దగ్గరిది గట్టిగా ఉంటుంది కాబట్టి అదొక్కటే వస్తుంది, దూరానిది పూర్తిగా మూగబోతుంది. ఎంత మంచి పాటైనా అంతే. ఇది పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను.

ఈ ఇంట్లో దగ్గరి గొంతు నాదే. అత్తయ్య ఒక మాట మొదలుపెడితే మిగతాది నేనే అందిస్తాను, సాయం చేస్తున్నాననుకుని. ఆవిడ ఏం చెప్పబోయేదో నాకు తెలుసనే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆవిడ ఒక్కతే అన్ని మాటలు వరసగా మాట్లాడటం నిన్నే మొదటిసారి చూశాను. నా సిగ్గు సంగతి సరే, ఆ విషయమే ఎక్కువ గుచ్చుతోంది.

మార్చి 23

మాట్లాడలేదు.

మార్చి 24

మాట్లాడలేదు. మా ఆయన జోకేశాడు, రాసి పెట్టుకోలేదు.

మార్చి 27

మాట్లాడలేదు. నిజంగానే. ఎవరికి రుజువు చేస్తున్నానో.

మార్చి 30

అత్తయ్య బ్యాటరీ తెచ్చి నా ఒళ్లో పడేసింది.

"నేను మాట్లాడితే నీకూ అందులో వినిపిస్తుందా?"

వినిపిస్తుందని తలూపాను. ఎదురుగానే ఉన్నాం కదా, ఇప్పుడే చెప్పొచ్చుగా అన్నట్టు చెయ్యి చూపించాను.

"ఎదురుగా నాకు మాట రాదే. నేను ఒకటనేలోపు నువ్వు నాలుగంటావు. ఇప్పుడంటే నోరు లేదనుకో, నీ మొహం ఊరుకుంటుందా? కనుబొమలతోనే అడ్డొస్తావు."

కనుబొమలు ఎగరేశాను.

"అదిగో" అంది.

మార్చి 31

రేకు డబ్బా దొరికింది. వెతికితే దొరుకుతుంది. ట్రాన్స్‌మిటర్ అందులో బిగించి మైకుకు మాత్రం చిన్న కన్నం పెట్టాను. ఇక ఎవరు పట్టుకున్నా స్టేషన్ జరగదు. పాతపాటలకు దూరంగా పెట్టాను.

పాకెట్ రేడియో మా ఆయన బస్సులోకి పట్టుకుపోయాడు. మెషీన్ గొంతు వినలేక పాటలు పెట్టుకుంటున్నాడట. నిన్న ఆయన బస్సు టైరు విప్పి ఉండగా, బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నదని మెషీన్ పదే పదే చెప్పిందట. జనం వచ్చి టైరు లేని బస్సెక్కి కూర్చున్నారట. "నువ్వయితే కిటికీలోంచి చూసి చెప్పేదానివి" అన్నాడు. అది జోకు కాదు. పలక కోసం వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను.

నా రిసీవర్ కూడా నేనే చేసుకుంటాను.

ఏప్రిల్ 3

రిసీవర్ అయింది. ఒకటే ట్రాన్సిస్టర్, వెనకాల ఇయర్‌ఫోన్‌కు చిన్న యాంప్లిఫయర్. దీనికి కూడా చెయ్యి తిక్కే. అరచెయ్యి కాయిల్ దగ్గర ఉంచితేనే అత్తయ్య స్టేషన్ వస్తుంది, తీస్తే హోరులో మునిగిపోతుంది. దీన్నీ డబ్బాలో బిగించొచ్చు.

బిగించలేదు.

ఏప్రిల్ 4

పక్కగదిలో తలుపు వేసుకుంది. మొదట దగ్గింది. తర్వాత గాజులు డబ్బాకు తగిలిన చప్పుడు. "అమ్మాయ్, ఉన్నావా" అంది. ఉన్నానని చెప్పే వీల్లేదు. గోడ మీద తట్టాను. అటువైపు గోడకు వీపు ఆనించి కూర్చుంటానంది, తడితే అదురు తెలుస్తుందట.

ఎండ గురించి, మోకాలి గురించి చెప్పి ఆపేసింది. అంతే. అయినా వాక్యాలన్నీ ఆవిడే పూర్తి చేసింది.

ఏప్రిల్ 10

ఇది వివరంగా రాసుకోవాలి.

అత్తయ్య పెళ్లికి ముందు నూలు మిల్లులో పని చేసింది. నాకు తెలియదు. ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాం.

"ఆ మెషీన్ల మోతకే పోయాయే చెవులు. ముందు కుడిది, తర్వాత ఎడమది. అక్కడ అరిచినా పక్కదానికి వినపడదు. అందుకని పెదాలతోనే మాట్లాడుకునేవాళ్లం, గాలి కూడా రాకుండా. దూరంగా నిలబడి కూడా పెదాలు చూసి కథలు చెప్పుకునేవాళ్లం. సూపర్‌వైజరు మా పక్కనే నిలబడుంటే వాడి ముక్కు గురించి వాడి ముందే చెప్పుకుని నవ్వేవాళ్లం. నీ మాట కూడా నాకు అలాగే తెలుస్తుంది. నా వైపు తిరిగి అంటే ప్రతి ముక్కా తెలుస్తుంది. నువ్వేమో పొయ్యి వైపు తిరిగి మాట్లాడతావు. నాకు నీ జడ కనిపిస్తుంది. జడ ఏం చెబుతుందే?"

ఇక్కడ నా చెయ్యి జారి హోరొచ్చింది. గబుక్కున మళ్లీ పెట్టాను. ఓ ముక్క పోయింది. ఏమందో ఎప్పటికీ తెలియదు. గోడ తట్టి ఆపాల్సింది.

చెవుడు నటిస్తోందని మైకులో అన్నది నేనే. నాకు చాలా బాధగా ఉంది. ఇంతకంటే బాగా ఎలా రాయాలో తెలియడం లేదు.

ఇయర్‌ఫోన్ తీసేసి పక్కగదికి వెళ్లాను. ఆవిడ ఎదురుగా కింద కూర్చుని, గాలి రాకుండా, పెదాలతో మాత్రమే అన్నాను. నాకు తెలీదత్తయ్యా.

"అడిగితే కదా చెప్పడానికి" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని పైకెత్తింది. "పెదాలు ఇంకా తెరువు. బస్టాండులో అన్నట్టు మింగేయకు."

నేను మింగేస్తానట! నేను!

ఏప్రిల్ 17

ఇప్పుడు పెదాల మాట వచ్చేసింది. భోజనాల దగ్గర మేమిద్దరం అలా మాట్లాడుకుంటుంటే మా ఆయన ఇటూ అటూ చూసి, "నా గురించేనా?" అన్నాడు. నవ్వు ఆపుకోలేక అత్తయ్యకు పొలమారింది. గొంతులో మంట లేదు.

ఏప్రిల్ 24

గొట్టం పెట్టి చూసి డాక్టరు, "ఇదీ మానడమంటే" అన్నాడు. "ఆ" అనమన్నాడు. భయమేసింది. ఏమీ రాకపోతే? మా ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు.

అన్నాను. నూనె లేని తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. కానీ నాదే. ఎక్కడున్నా గుర్తు పడతాను. మా ఆయన కిటికీ వైపే ఉండి చేత్తో మొహం తుడుచుకున్నాడు.

రోజుకు ఐదు నిమిషాలు, మెల్లగా, అన్నాడు డాక్టరు. తర్వాత పెంచుకుంటూ పోవచ్చట. మా ఆయన మేనేజరుకు ఫోన్ చేస్తే వచ్చే నెల నుంచి పొద్దుటిపూట రమ్మన్నాడు, మధ్యాహ్నం మెషీన్ ఉంటుందట. ఉండనీ. దానికీ కాయలు కాస్తాయేమో చూద్దాం.

దారి పొడుగునా మొదటి ఐదు నిమిషాల్లో ఏమేం అనాలో అనుకుంటూ వచ్చాను. మా ఆయన జోకులకు బదుళ్లన్నీ వరసగా సిద్ధంగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు అత్తయ్యకు ఎదురుగా కూర్చుని, ఆవిడకు వినిపించినా వినిపించకపోయినా, గొంతెత్తి ఒక మాట అనాలి.

ఇంట్లో అడుగు పెట్టేసరికి ఆవిడ తలుపు వేసి ఉంది. ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. "వచ్చావా? చెయ్యి పెట్టావా?" అంది. గోడ తట్టాను. మిల్లులో ఆవిడ పక్క మెషీన్ మీద పనిచేసిన స్నేహితురాలి సంగతి నిన్న సగంలో ఆగింది. అది మొదలుపెట్టింది.

ఎడమ చెయ్యి కాయిల్ దగ్గర పెట్టి కుడిచేత్తో ఇది రాస్తున్నాను. ఆ స్నేహితురాలు సూపర్‌వైజరు ముక్కు గురించి పాట కట్టిందట. ఎక్కడో ఒక చోట నేను అందించబోయి ఆగాను.

ఐదు నిమిషాలూ అలాగే ఉన్నాయి. అత్తయ్య ఇంకా మాట్లాడుతోంది.